తంతి దారిలో మజిలీలు

(దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరి పేరులోనే సరాయ్ ఉన్నది. సరాయ్ అంటే బాటసారుల సత్రం. పూర్వం తపాలా గుర్రాలను మజిలీ మజిలీకీ మార్చేవారు. గుర్రం మారినా, సంచిలోని ఉత్తరం మారేది కాదు. తంతి వార్తకు కూడా అటువంటి మజిలీ అవసరమైంది.

తీగ పొడవు పెరిగేకొద్దీ విద్యుత్ప్రవాహం క్షీణిస్తుంది. వానకాలంలో కొంత స్తంభాల వెంట నేలలోకి పోతుంది. అందువల్ల దారి మధ్యలో రిలే అనే సాధనాన్ని అమర్చారు. దూరం నుంచి వచ్చిన బలహీన ప్రవాహం విద్యుదయస్కాంతాన్ని ప్రేరేపించి, తేలికైన ఇనుప పలకను కదిపితే చాలు. ఆ కదలిక మరొక బ్యాటరీ వలయాన్ని పూర్తిచేస్తుంది. చుక్కకు చుక్క, గీతకు గీత, కొత్త బలంతో ముందుకు సాగుతాయి. 1830 దశకంలో అమెరికాలో జోసెఫ్ హెన్రీ, ఇంగ్లండులో ఎడ్వర్డ్ డేవీ ఈ సూత్రానికి రూపమిచ్చారు.

మన దేశంలో ఓషానెస్సీ పర్యవేక్షణలో 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలను తంతి కలిపింది. తొలినాళ్లలో మధ్య కార్యాలయాలలోని ఉద్యోగులు వార్తను వ్రాసుకొని తిరిగి పంపేవారు. చేయి మారిన ప్రతిచోటా జాప్యం, పొరపాటుకు అవకాశం. రిలే ఆ శ్రమను తగ్గించింది. అయితే దానికీ జాగ్రత్త కావాలి. స్ప్రింగు బిగువు సరిగా లేకపోతే ఒక చుక్క జారిపోతుంది. మోర్స్ లిపిలో మూడు చుక్కల ‘ఎస్’ రెండు చుక్కల ‘ఐ’ అవుతుంది.

ఐరోపా తంతి నిపుణులు ఈ ప్రక్రియను ‘ట్రాన్స్‌లేషన్’ అన్నారు. బలం మజిలీది, మాట పంపినవారిది. 2013 జూలైలో మన తంతి సేవ ముగిసింది. భాష నుంచి భాషకు మాటను చేరవేసేవారికి మాత్రం ఆ ధర్మం నేటికీ శిరోధార్యమే.