మత్తులో పెట్టిన వేలిముద్ర



త్రాగిన మత్తులో వ్రాసి యిచ్చిన ఒడంబడిక చెల్లునా? 1872 నాటి భారత ఒడంబడికల శాసనము 12వ విభాగములో దీనికి సమాధానము కలదు. షరతులు గ్రహింపలేనంతగా త్రాగినవాడు, ఆ మత్తు దిగునంతవరకు, ఒడంబడిక చేసికొనజాలడు. ఇంగ్లండులో ఇంత ఖండితముగా లేదు. 1873లో మాథ్యూస్, బాక్‌స్టర్ల వివాదమున, వేలములో త్రాగి పాడినవాడు తెలివి వచ్చిన పిమ్మట సమ్మతించెను గనుక బద్ధుడేయని తీర్పైనది. మన శాసనమే మేలని నా తలంపు.

కాని మత్తు తెల్లవారునప్పటికి దిగిపోవును. వేలిముద్ర కాగితముపై నిలుచును. రుజువు చేయు భారము త్రాగినవానిదే. బస్తరులో ఇప్పసారాయు, జీలుగు కల్లును పెండ్లికిని, జాతరకును, దేవర కొలువునకును ఉండవలసినవే. అచ్చట కొనువాడు సీసాతో వచ్చినచో సాక్ష్యమెవరు చెప్పుదురు?

1956లో మధ్యప్రదేశ్ ప్రభుత్వము గిరిజనుల చెట్ల రక్షణకై వేరుగా చట్టము చేసి, అమ్మకమునకు కలెక్టరు అనుమతి కావలెననెను. ఎవడెంత త్రాగెనన్న ప్రశ్నయే ఇందులో లేదు; అదియే దాని గొప్పతనము. అయినను 1990 దశకపు ‘మాలిక్ మక్బూజా’ వ్యవహారమున గిరిజనుల టేకు కారుచౌకగా వర్తకుల పాలయ్యెను. లోకాయుక్త విచారణ జరిగెను. సుప్రీంకోర్టు జోక్యము చేసికొనెను. ఆ అనుమతులు సారా దుకాణములో వ్రాసినవి కావు, కచేరీలలో వ్రాసినవి! మనమును సంతకములు చేయువారమే గనుక ఇంత చెప్పవలసి వచ్చినది. దరఖాస్తుదారుని ఎదుట కూర్చుండబెట్టుకొని, గోండీయో హల్బీయో వచ్చినవాని ద్వారా, ధర ఎంత, రొక్కము ఎవరి చేత పడినదని అడిగి వ్రాసికొనుటకు పావుగంట చాలును.