ఏ మరమ్మతు అత్యవసరం?

నువ్వు చేసే పనేమిటో అందరికీ అర్థమయ్యేలా చెప్పమని సంఘం వారు అడిగారు. నా పని మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ లోపాలకు మరమ్మతులు ఎక్కించడం. అందులో ఒక్క ముక్కే చెబుతాను. వచ్చే మరమ్మతుల్లో ఏది అత్యవసరమో ఎవరు తేలుస్తారు?

మెయిన్‌ఫ్రేమ్ అనగానే మ్యూజియంలో వస్తువు అనుకుంటారు. ఐబీఎం 1964లో సిస్టమ్/360 యంత్రాలను ప్రకటించింది. ఆ వంశానికి చెందిన యంత్రాలే ఇవాళ్టికీ పెద్ద బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో లెక్కలు నడుపుతున్నాయి. 2000 సంవత్సరం తేదీల సమస్య రోజుల్లో కోబాల్ నేర్చుకుని ఈ రంగంలోకి వచ్చిన తెలుగువాళ్లు చాలామంది. ఈ సభలోనూ ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు.

ఈ యంత్రాల మీద నడిచే జెడ్/ఓఎస్‌లో లోపం తేలితే ఐబీఎం దాన్ని 'ఏపార్' పేరుతో నమోదు చేస్తుంది. జబ్బు రాసిన చీటీ అనుకోండి. దానికి మందు పీటీఎఫ్, అంటే ప్రోగ్రామ్ టెంపరరీ ఫిక్స్. టెంపరరీ అన్నది పేరుకే. మన బడిలో తాత్కాలికమని వేసిన రేకుల షెడ్డులో మా బ్యాచ్ మూడేళ్లు చదివింది, అలాంటిదే ఇదీ.

ఈ మందులు కుప్పలుగా వస్తుంటాయి. తీవ్రమైన లోపాలకు 'హైపర్' అనే ముద్ర పడుతుంది. హై ఇంపాక్ట్ పర్వేసివ్ అన్నదానికి పొట్టిపేరు. ముద్రతో పాటు కారణం చెప్పే గుర్తులు కూడా ఉంటాయి. డేటా పోతుందా, సిస్టమ్ ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుందా, ముఖ్యమైన సౌకర్యం పనిచేయదా, వేగం పడిపోతుందా, చాలామందికి తగిలేదా అని. నన్నడిగితే పెద్ద ముద్ర కంటే ఈ చిన్న గుర్తులే ముఖ్యం. వేగం తగ్గితే కౌంటర్ ముందు క్యూ పెరుగుతుంది. డేటా పోతే ఎవరి ఖాతాలో ఎంతుందో చెప్పలేం. రెండూ హైపరే!

ఒకసారి ఒక బ్యాంకులో నెలాఖరు ముందు రోజు ఇదే చర్చ వచ్చింది. తెల్లారితే జీతాలు, పెన్షన్లు ఖాతాల్లో పడాలి. "హైపర్ అని ఉంది కదండీ, ఈ రాత్రే ఎక్కించేద్దాం" అన్నారు మేనేజరుగారు. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. రేపు ఏదైనా జరిగితే 'హైపర్ అని తెలిసీ ఎందుకు ఆగారు' అని అడిగేది ఆయన్నే. మేం ఏపార్ మొత్తం చదివాం. ఆ లోపం బయటపడాలంటే ఒక ప్రత్యేక సౌకర్యం వాడుతుండాలి, ఆ బ్యాంకు దాన్ని వాడటం లేదు. "ఆదివారం దాకా ఆగుదామండీ" అన్నాం. ఆగాం. జీతాలు పడ్డాయి.

దీనికి ఎదురు సందర్భమూ ఉంటుంది. ఏదో రిపోర్టులో వరుసలు తప్పుగా అచ్చవుతాయనుకోండి, దానికి హైపర్ ముద్ర పడకపోవచ్చు. కానీ ఆ రిపోర్టే నియంత్రణ సంస్థకు పంపాల్సిన బ్యాంకుకు అంతకు మించిన అత్యవసరం ఉండదు. అమ్మేవాడు లోకమంతటినీ దృష్టిలో పెట్టుకుని ముద్ర వేస్తాడు. మన ఇంట్లో ఏ గది వాడుతున్నామో అతనికి తెలియదు.

నాకు ఎక్కువ గౌరవం ఉన్న ముద్ర ఇంకొకటి ఉంది, పీఈ. పీటీఎఫ్ ఇన్ ఎర్రర్, అంటే మందులోనే దోషం. ఇచ్చిన కంపెనీయే ఆ సంగతి ఒప్పుకుని 'హోల్డ్‌డేటా' అనే జాబితాలో పెడుతుంది. ఆ జాబితా రోజూ కొత్తగా వస్తుంది. దాన్ని తెచ్చి పెట్టుకుంటే, మరమ్మతులు ఎక్కించే ఎస్ఎంపీ/ఈ అనే పనిముట్టు దోషమున్న పీటీఎఫ్‌ను మనం ప్రత్యేకంగా చెబితే తప్ప ఎక్కించదు. ఇదివరకే ఎక్కించినవాటిలో దోషం తేలినవి ఏవో కూడా రిపోర్టు తీసి చూపిస్తుంది. కొత్త మరమ్మతుల మీదున్న ఆత్రం ఈ రిపోర్టు మీద చాలా చోట్ల ఉండదు. నాకు మాత్రం వారానికోసారి అది చూడందే నిద్రపట్టదు.

అన్నీ విడివిడిగా చదవడం ఎవరివల్లా కాదు కాబట్టి ఐబీఎం మూడు నెలలకోసారి మరమ్మతులను కలిపి పరీక్షించి సిఫారసు చేస్తుంది. హైపర్‌లు, పీఈలను సరిదిద్దేవి, భద్రతకు చెందినవి మాత్రం నెలనెలా అందులో చేరుతుంటాయి.

భద్రత మరమ్మతుల సంగతి వేరు. అక్కడ ఏపార్‌లో లోపం వివరం రాయరు. రాస్తే ఇంకా మరమ్మతు చేసుకోనివాళ్ల మీద దొంగలు పడతారు. నమోదు చేసుకున్న ఖాతాదారులకు మాత్రం తీవ్రత ఎంతో అంకెల్లో చెబుతారు. చదివి తేల్చుకునే వీలు లేనప్పుడు ఆదివారం దాకా ఆగుదామని నేను కూడా అనను.

ఒక ఏపార్ అచ్చు తీసి తెచ్చాను. భోజనాల తర్వాత లైబ్రరీ గదిలో ఉంటాను, పదో తరగతి పిల్లలు ఎవరైనా వచ్చి చూడొచ్చు.