గ్రీకుల కంచు శిరస్త్రాణములు
(కొమరోలు గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసపాఠము)



గుడిగంటను మెల్లగా తట్టినను చాలసేపు మ్రోగును. అదే గంట రాతిపై పడినచో పగులును. గంటకంచులో తగరము ఇంచుమించు ఐదవవంతు ఉండుటయే ఈ రెండింటికిని కారణము. ప్రాచీన గ్రీకు లోహకారులు శిరస్త్రాణములకు వాడిన కంచులో తగరము సుమారు పదవవంతు మాత్రమే. దెబ్బ తగిలినపుడు అట్టి కంచు సొట్టపడునే కాని సులభముగా ముక్కలు కాదు.

క్రీ.పూ. 700 ప్రాంతమున గ్రీసుదేశములో కొరింథియను శిరస్త్రాణము వాడుకలోనికి వచ్చెను. మేలైనవానిని ఒకే కంచురేకునుండి సాగగొట్టెడివారు. సుత్తిదెబ్బలకు లోహము బిరుసెక్కును. దానిని నిప్పులో కాచి, మెత్తబరచి, మరల కొట్టవలెను. మన కంచరివారికి ఈ పని క్రొత్త కాదు. ముక్కుపైకి ఒక పట్టీ దిగును; చెక్కిళ్లను రేకులు కప్పును; వెనుకభాగము మెడవరకు జారును. కన్నులకును నోటికిని సన్నని సందు మాత్రమే ఉండును. లోపల తోలుగాని గుడ్డగాని మెత్తగా అమర్చెడివారు.

ఇంత చేసియు చెవులకు దారి విడువలేదు. ప్రక్కచూపు తగ్గెను; సేనాని ఆజ్ఞ స్పష్టముగా వినరాదు. డాలుకు డాలు చేర్చి, బారులుతీరి, ఒకే దిక్కుగా నడచు పోరులో ఈ లోటును సహింపగలిగిరి. మారథాను యుద్ధము జరిగిన క్రీ.పూ. 490 నాటికిని ఈ రకము వాడుకలో నుండెను. మిల్టియాడీసు అను పేరు చెక్కి జియస్ దేవునికి సమర్పించిన శిరస్త్రాణ మొకటి ఒలింపియాలో దొరికెను. అది ఆ యుద్ధమున గెలిచిన సేనానిదేయని పండితులు భావింతురు.

పిమ్మట వచ్చిన చాల్కిడియను రకమున చెవులయొద్ద రేకును కత్తిరించి విడిచిరి. క్రీ.పూ. 4వ శతాబ్దిలో అశ్వవిద్యపై గ్రంథము వ్రాసిన జెనొఫను, రౌతుకు బియోషియను శిరస్త్రాణమే తగునని చెప్పెను. కవచమునకు పైనున్న భాగమునంతయు కాచుచునే అది చూపునకు అడ్డురాదని ఆయన చూపిన కారణము.

మన దేశమున మొగలాయి కాలపు యోధులు ఈ చిక్కును వేరొక విధముగా తీర్చుకొనిరి. వారి ఉక్కుటోపీ అంచునుండి ఇనుపకడియముల జాలరు చెవులపైనను మెడపైనను వ్రేలాడెడిది. అది కత్తివాదరను ఆపును, ధ్వనిని ఆపదు. హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమునందలి ఆయుధశాలను దర్శించువారు ఈ సంగతి గమనింపవచ్చును.

చరిత్రపుస్తకములో శిరస్త్రాణపు బొమ్మ కనబడినపుడు బాలబాలికలు మొదట దాని చెవులవైపు చూడవలెను. అక్కడ రేకున్నదా, సందున్నదా, జాలరున్నదా అని పరిశీలించినచో, దానిని ధరించినవాడు ఏ తీరున పోరాడెనో కొంతవరకైనను బోధపడును.