అపాయింట్‌మెంట్‌కి పోలేదని 300 రూపాయలు: మా అమ్మ పన్ను కథ

ఈ ఎపిసోడ్‌లో పళ్ల డాక్టర్ దగ్గర జరిగిన ఒక సంగతి చెప్తాను. "ఎప్పుడూ ఫోన్లు, జాబులు, లోన్ యాప్‌లు అంటావు, ఇప్పుడు ఈ పళ్ల గోలేంది" అనుకుంటారేమో. ఐదు నిమిషాలు వినండి, మీ ఫోన్‌కు కూడా దీంతో సంబంధం ఉంది.

అపాయింట్‌మెంట్ తీసుకొని, చెప్పకుండా ఆ రోజు పోకపోతే కొన్ని క్లినిక్‌లు ఫీజు వేస్తాయి. నో షో ఛార్జ్ అంటారు. అమెరికాలో ఉన్న మనవాళ్లను అడగండి, అక్కడ పళ్ల క్లినిక్‌లో చేరేటప్పుడే దీని మీద సంతకం పెట్టించుకోవడం మామూలు. నాకు మాత్రం ఈ మాట అనంతపురంలో, మా అమ్మ వల్ల తెలిసింది.

మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. నేను బెంగళూరులో పని చేస్తాను. 2024 జూన్‌లో అమ్మకు కింది దవడ పన్ను నొప్పి. రాత్రి నిద్ర లేదు, సంగటి ముద్ద కూడా ఒకపక్కే మింగుతోంది. లవంగం పెట్టుకుంది, మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంది. డాక్టర్ దగ్గరికి పోదామంటే మాత్రం రాదు. ఎందుకంటే సిగ్గు.

ఆ సిగ్గు గురించి ఒక మాట చెప్పాలి. మన జిల్లాలో చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పన్ను తయారయ్యే వయసులో, అంటే చిన్నప్పుడు, ఆ నీళ్లు తాగితే పళ్ల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. ఎంత తోమినా పోవు. 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చి వందల ఊళ్లకు మంచినీళ్లు అందాయి కానీ, అప్పటికే పెద్దయినవాళ్ల పళ్లు అట్లే ఉండిపోయాయి. మా అమ్మ ఫొటోలో ఎప్పుడూ నోరు మూసుకొనే ఉంటుంది. నవ్వితే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. "డాక్టర్ చూసి పళ్లు తోముకోదేమో అనుకుంటాడు నాయనా" అనేది. అట్లాంటి మనిషిని బతిమాలి, అనంతపురంలో ఒక క్లినిక్‌కి ఒప్పించినాను. క్లినిక్ పేరు చెప్పను, అవసరం లేదు.

అపాయింట్‌మెంట్ బుక్ చేసింది నేనే, వాట్సాప్‌లో. నంబర్ ఇచ్చింది నాదే. ఇది గుర్తు పెట్టుకోండి.

రూట్ కెనాల్ చేయాలన్నారు. మూడు సార్లు రావాలి, 3,500 అవుతుంది, క్యాప్ వేరే. మొదటి సారి అమ్మ పోయింది. పన్ను లోపల శుభ్రం చేసి, మందు పెట్టి, పైన టెంపరరీ ఫిల్లింగ్ వేసి పంపినారు. నొప్పి తగ్గింది. అమ్మ ఫోన్ చేసి "హాయిగా ఉండాది నాయనా, రాత్రి బాగా పండుకున్యా" అనింది. రెండో సారికి జులైలో ఒక గురువారం, ఉదయం 11 గంటలకు రమ్మన్నారు.

బుధవారం సాయంత్రం నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, ఇంగ్లీషులో. రేపు 11 గంటలకు మీ అపాయింట్‌మెంట్, వస్తున్నట్టయితే 1 నొక్కండి అని. నేను ఆఫీసులో ఉన్నా. 1 నొక్కి ఫోన్ జేబులో పెట్టుకున్నా. అమ్మకు ఫోన్ చేయలేదు. ఆమెకు తేదీ తెలుసు కదా అనుకున్నా.

ఆ బుధవారం రాత్రి మా ఊర్లో వాన పడింది.

వేరే జిల్లాల వాళ్లకు ఇది అర్థం కావడానికి కొంచెం చెప్పాలి. అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి. మా భూముల్లో ఎక్కువ భాగం వాన మీద ఆధారపడిందే. శెనక్కాయ విత్తాలంటే నేలలో పదును ఉండాలి. మంచి వాన పడిన తర్వాత ఆ పదును రెండు మూడు రోజులు ఉంటుంది, ఎండ కాస్తే అది కూడా ఉండదు. ఊరందరికీ అదే రోజు ట్రాక్టర్ కావాలి, అదే రోజు గొర్రు కావాలి, అదే రోజు కూలీలు కావాలి. ఆ రోజు తప్పితే మళ్లీ వాన ఎప్పుడో చెప్పలేం. పెళ్లికి పోకపోయినా ఏమీ అనరు మా ఊర్లో, విత్తనం రోజు ఇంట్లో లేకపోతే అంటారు.

కాబట్టి గురువారం ఉదయం 11 గంటలకు మా అమ్మ చేనులో ఉంది. క్లినిక్‌కి ఫోన్ చేయాలని ఆమెకు తోచలేదు. నంబర్ కూడా ఆమె దగ్గర లేదు, నా దగ్గర ఉంది.

తర్వాతి వారం బస్సెక్కి పోయింది. అరవై కిలోమీటర్ల దాకా ప్రయాణం. రిసెప్షన్‌లో అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "పోయిన గురువారం రాలేదు కదమ్మా, 300 కట్టాలి, కట్టిన తర్వాత డాక్టర్ చూస్తారు" అనింది. అమ్మ ఆ రోజు ట్రీట్‌మెంట్‌కు లెక్కపెట్టి తెచ్చుకుంది, ఛార్జీలు పోను చేతిలో వంద రూపాయలో ఏమో మిగులు. వాన పడిందని చెప్పబోయింది. ఆ అమ్మాయి కార్డు వెనక్కి తిప్పి చూపించింది. అక్కడ చిన్న అక్షరాల్లో రాసి ఉంది, ఇంగ్లీషులో. వెనక బెంచీల మీద పదిమంది చూస్తున్నారు.

అమ్మ సరేనని బయటికొచ్చి, మళ్లీ బస్సెక్కి ఇంటికి వచ్చేసింది. నాకు చెప్పలేదు. ఫోన్‌లో అడిగితే "అయిపోయింది నాయనా, బాగుండాది" అనింది.

ఫ్రెండ్స్, టెంపరరీ ఫిల్లింగ్ పేరుకు తగ్గట్టే కొన్ని వారాల కోసం వేసేది. అది అరిగిపోతే, లేకపోతే ఊడిపోతే, నోట్లోని క్రిములు మళ్లీ వేరు లోపలికి పోతాయి. సగం చేసిన పన్ను బలహీనంగా ఉంటుంది, గట్టిది కొరికితే చీలిపోతుంది. అమ్మకు రెండూ జరిగాయి. దీపావళికి నేను ఇంటికి పోయేసరికి దవడ వాచిపోయి ఉంది. కళ్యాణదుర్గంలో వేరే డాక్టర్‌కు చూపిస్తే, ఇంక నిలబెట్టలేమని పీకేశాడు. అప్పుడు బయటపడింది ఈ 300 సంగతి.

2024లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు గరిష్ఠంగా 300 రూపాయలు. అంటే మా అమ్మకు ఆ ఫీజు ఒక రోజు మొత్తం కూలి. నాకు బెంగళూరులో అదొక బిర్యానీ.

నేను కోపంగా ఆ క్లినిక్‌కి పోయినా. డాక్టర్‌ను కలిసినా. వయసులో నాకంటే ఐదారేళ్లు పెద్ద ఉంటాడు. ఆయన మాటలు కూడా మీకు చెప్పాలి, లేకపోతే అన్యాయం. "రూట్ కెనాల్‌కు గంట టైం పక్కన పెడతాను. ఆ గంటలో ఇంకొకరిని తీసుకోను. రాకపోతే కుర్చీ ఖాళీ. అద్దె, కరెంటు, అసిస్టెంట్ జీతం ఆగవు. కొందరు మూడు క్లినిక్‌లలో బుక్ చేసుకొని ఏదో ఒకదానికి పోతారు, మిగతా ఇద్దరికి ఫోన్ కూడా చేయరు. అట్లాంటివాళ్ల కోసం పెట్టినాను" అన్నాడు. నిజమే. మనలో ఎంతమంది అట్లా చేయలేదు చెప్పండి?

నేను ఒకటే అడిగినా: "మొదటి రోజు మా అమ్మకు 11 గంటలకు టైం ఇచ్చి, ఒకటిన్నరకు పిలిచినారు. ఆ రెండున్నర గంటలకు ఎవరు కట్టాలి సార్?" ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాన సంగతి నా దాకా రాలేదు బ్రదర్. వచ్చి ఉంటే తీసుకొనేవాణ్ణి కాదు. అమ్మను తీసుకురా, పూర్తి చేస్తాను" అన్నాడు. పన్ను పీకేసినారని చెప్పినా. ఆయన ముఖం చూస్తే నిజంగానే బాధ పడినట్టు అనిపించింది.

తర్వాత నేను దీని గురించి చదివినా. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల డేకేర్ సెంటర్ల మీద యూరి గ్నీజీ, ఆల్డో రస్టికినీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. సాయంత్రం పిల్లల్ని తీసుకుపోవడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు కొన్ని సెంటర్లలో జరిమానా పెట్టి చూశారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు తగ్గలేదు, పెరిగారు. ముందు "అయ్యో, టీచర్ ఎదురుచూస్తుంటుంది" అనే మొహమాటం ఉండేది. డబ్బులు కడుతున్నాం కదా అనేసరికి ఆ మొహమాటం పోయింది. జరిమానా ఎత్తేసినా మళ్లీ తగ్గలేదు.

నాకు అర్థమైంది ఇది. డబ్బున్నవాడికి ఈ ఫీజు ఒక రేటు, కట్టేసి పోతాడు. డబ్బు లేనివాళ్లకు అదే ఫీజు తలుపు మూసినట్టు. మూడు క్లినిక్‌లలో బుక్ చేసుకొనేవాడి కోసం పెట్టిన ఫీజు, చేనులో ఉన్న మా అమ్మకు తగిలింది.

అందుకే కొన్ని దేశాల్లో దీనికి హద్దు పెట్టారు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్ కింద పనిచేసే పళ్ల డాక్టర్లు 2006 నుంచి రాని రోగి దగ్గర ఈ ఫీజు తీసుకోకూడదు. అయితే పదేపదే రాకపోతే ట్రీట్‌మెంట్ ఆపేయొచ్చు. 2022లో రిషి సునాక్ డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఎగ్గొట్టేవాళ్లకు 10 పౌండ్ల జరిమానా వేస్తానని ప్రచారంలో అన్నాడు, ప్రధాని అయ్యాక ఆ మాట వదిలేశాడు. అమెరికాలో కూడా పేదల కోసం ఉన్న మెడికెయిడ్ కింద వచ్చే రోగుల దగ్గర ఈ ఛార్జ్ తీసుకోకూడదు.

మరి మన దగ్గర? డబ్బులు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అనే మాట ఉంది. జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేయడం అందులోకి వస్తుంది. తీసుకున్న డబ్బుకు బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం తప్పే. అనుమానం ఉంటే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 300 రూపాయల కోసం కోర్టుకు పొమ్మని నేను చెప్పడం లేదు. అడిగే హక్కు ఉందని చెప్తున్నా.

ఇప్పుడు మన సంగతి. మన అమ్మానాన్నల అపాయింట్‌మెంట్లు చాలావరకు మన ఫోన్లలోనే ఉన్నాయి. కాబట్టి ఈ నాలుగు పనులు చేయండి.

ఒకటి, బుక్ చేసేటప్పుడే అడగండి: రాలేకపోతే ఛార్జ్ ఉందా, ఎంత, ఎన్ని గంటల ముందు చెప్తే ఉండదు? జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి.

రెండు, రిమైండర్ వస్తే 1 నొక్కే ముందు ఇంటికి ఫోన్ చేయండి. ఒక్క నిమిషం పని. నేను చేయనిది అదే.

మూడు, పోలేకపోతే తప్పకుండా క్లినిక్‌కి చెప్పండి. ఆ గంట ఇంకెవరో నొప్పితో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. క్లినిక్ నంబర్ అమ్మ ఫోన్‌లో కూడా సేవ్ చేసి పెట్టండి.

నాలుగు, ఫీజు అడిగితే వెనక్కి తిరిగి రావద్దని పెద్దవాళ్లకు చెప్పండి. "డాక్టర్‌తో ఒక మాట మాట్లాడతాను" అనమనండి. లేదంటే అక్కడి నుంచే మీకు ఫోన్ చేయమనండి. ట్రీట్‌మెంట్ సగంలో ఉంటే అస్సలు ఆపకూడదు.

ఈ వీడియో చూసే డాక్టర్లు ఎవరైనా ఉంటే, మీకు కూడా ఒక విన్నపం. కార్డు వెనక రాసేదేదో తెలుగులో, ముందువైపు రాయండి. ముందురోజు మెసేజ్‌తో పాటు ఒక ఫోన్ చేయించండి. మొదటిసారి తప్పితే వదిలేయండి. తీసుకోవాల్సి వస్తే చివరి బిల్లులో కలపండి, తలుపు దగ్గర అడగకండి. పల్లె నుంచి వచ్చినవాళ్లను ఎందుకు రాలేదమ్మా అని ఒకసారి అడగండి. మా జిల్లాలో ఆ ప్రశ్నకు చాలాసార్లు వాన అనో, నీళ్లు అనో జవాబు వస్తుంది.

అమ్మ ఇప్పుడు బాగుంది. ఆ పక్క నమలలేదు, అంతే. మొన్న ఫోన్‌లో "ఆ పొద్దు విత్తకపోయింటే ఆ నాలుగు మూటలు కూడా వచ్చేటివి కాదు నాయనా, పన్ను పోతే పోనీలే" అనింది. నేను ఏం చెప్పాలో తెలియక "సరేమ్మా" అన్నా. రెండోపక్క పన్ను ఒకటి జివ్వుమంటోందంట. ఈసారి అపాయింట్‌మెంట్ తీసుకొనే ముందు ఆమెనే అడిగినా, ఎప్పుడు వీలవుతుందని. "కాయ పీకినాక" అనింది. ఆ తర్వాత వారానికే బుక్ చేసినా. నంబర్ ఆమెదే ఇచ్చినా, ఆ రోజు సెలవు పెట్టి నేను కూడా పోతున్నా.

మీరు ఈ పూట ఇంటికి ఒక ఫోన్ చేయండి. పళ్లు ఎట్లున్నాయని అడగండి. బాగున్నాయి అంటే, ఇంకోసారి అడగండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.