ఇంటికి వచ్చు బ్యాటరీ - కొనదగునా?

కారు తాళము త్రిప్పగానే ఇంజను మేల్కొనక, "టిక్కు టిక్కు" మను చిన్న చప్పుడు మాత్రము వినవచ్చి, ఎదుటి పలకపై దీపములు మసకబారినచో బ్యాటరీ శక్తి ఉడిగినదని చాలమంది ఊహింతురు. ఇదివరలో అట్టి సమయమున ఇరుగుపొరుగు వారిని కేకవేసి కారును నెట్టించుకొనెడివారు. గేర్లు తమంతట తామే మారు నేటి కార్లకు ఆ ఉపాయము పనికిరాదు. కాని నేడు ఫోనులో ఒక పిలుపు చాలును. కొంతసేపటికి మెకానిక్కు క్రొత్త బ్యాటరీని వెంటబెట్టుకొని మన వాకిటికే వచ్చును. పాతది తీసి క్రొత్తది బిగించి, సొమ్ము పుచ్చుకొని పోవును. ఈ సౌకర్యము మనము చెల్లించు ధనమునకు తగినదా, కాదా? దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతములను దృష్టిలో నుంచుకొని ఈ విషయమును విచారింతము.

ఈ ప్రాంతములనే ఎన్నుకొనుటకు కారణము కలదు. మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ చేరు దారి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి. ఎల్బీనగర్ పరిసరములలోనే నాగార్జునసాగరమునకు, ఉప్పలునకు దారులు చీలును. సంక్రాంతికి ఊళ్లకు పోవువారి కార్లు వనస్థలిపురము, హయత్‌నగరు దాటుటకే గంటలు పట్టుట మనమెరుగుదుము. ఇది ఒక ప్రక్క. మరియొక ప్రక్క, 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్బీనగర్ వరకు మెట్రో రైలు వచ్చినది. మరుసటి సంవత్సరము మార్చి నెలలో అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి కూడ రైలు నడువసాగినది. అప్పటినుండి ఉద్యోగస్థులనేకులు కారును అపార్టుమెంటు సెల్లారులో విడిచి రైలులో పోవుచున్నారు. పెట్రోలు మిగిలినది, శ్రమ తగ్గినది. కాని సెల్లారులోని కారు నిద్రించుచున్నట్లు కనిపించినను, దాని బ్యాటరీ నిద్రించదు.

ఎట్లన, నేటి కారులో గడియారము, దొంగలనుండి కాపాడు అలారము, చిన్న చిన్న కంప్యూటర్లు నిరంతరము మేల్కొనియే ఉండును. అవన్నియు కలిసి 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును వాడుచున్నవనుకొందము. ఇది దోషము కాదు, సహజమైన ఖర్చే. దినమునకు 24 గంటల చొప్పున నెల దినములకు లెక్కించినచో 21 ఆంపియరు-గంటలకు పైబడును. చిన్నకారు బ్యాటరీ మొత్తము సామర్థ్యమే 35 ఆంపియరు-గంటలు. అనగా నెలరోజులు కదలని కారు తన నిలువలో సగమునకు మించి ఊరకే కూర్చుండి తినివేయునన్నమాట. అట్టి బ్యాటరీ చచ్చినది కాదు, ఆకలిగొన్నది. దానికి కావలసినది చార్జి. ఈ భేదమును మనము మనస్సునందుంచుకొనవలెను.

బ్యాటరీ స్వభావమును గూర్చి రెండు మాటలు. సీసపు పలకలను పలుచని గంధకికామ్లమున ముంచి విద్యుత్తును నిలువచేయు విధానమును ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టెను. చేతితో త్రిప్పు హ్యాండిలుకు బదులు విద్యుత్ స్టార్టరు 1912లో అమెరికా దేశమున క్యాడిలాక్ కార్లకు అమర్చబడినది. నాటినుండి నేటివరకు పెట్రోలు, డీసెలు కార్లను మేల్కొలుపుచున్నది ప్రధానముగా ఈ సీసపు బ్యాటరీయే. మన తెలుగునాటనే, తిరుపతి చెంత కరకంబాడిలో, అమరరాజా సంస్థవారు వీనిని తయారుచేయుచున్నారు. కావున బ్యాటరీ దొరకని వస్తువు కాదు. దొరకదేమో యను భయముతో కంగారుపడి కొనవలసిన అవసరము లేదు.

దీని ప్రథమ శత్రువు ఎండ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో రసాయన చర్యల వేగము ఇంచుమించు రెట్టింపగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మే నెలలో గాలియే 40 డిగ్రీలు దాటు హైదరాబాదులో, బానెట్టు క్రింద ఇంజను ప్రక్కన నుండు బ్యాటరీకి ఎంత వేడి తగులునో ఊహించుకొనవచ్చును. లోపలి పలకలు తినివేయబడి, నీరు ఆవిరియై, దాని ఆయువు తరుగును. మన వాతావరణమున మూడు నాలుగు సంవత్సరములు పనిచేసిన బ్యాటరీ తన ధర్మమును నెరవేర్చినదనియే అనుకొనవలెను. తరచుగా జరుగునదేమన, అది ఎండకాలమున జబ్బుపడి, ఏ డిసెంబరు తెల్లవారుజామునో ప్రాణము విడుచును. చలి దానిని చంపలేదు, దాని బలహీనతను బయటపెట్టినది, అంతియే.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. దారి సహాయమునకు వచ్చు మెకానిక్కు చేయగల పనులు మూడు. మొదటిది, మరియొక బ్యాటరీ నుండి తీగెల ద్వారా శక్తినిచ్చి కారును మేల్కొలుపుట. దీనిని జంప్ స్టార్ట్ అందురు. రెండవది, మీటరుతో పరీక్షించి రోగమేదో చెప్పుట. మూడవది, క్రొత్త బ్యాటరీని అమ్మి బిగించుట. మొదటి రెంటికి ఖర్చు స్వల్పము. సమగ్రమైన ఇన్సూరెన్సు పాలసీతో పాటు దారి సహాయపు రక్షణను అదనముగా కొనినవారికి జంప్ స్టార్టునకు వేరుగా చెల్లించవలసిన పని సాధారణముగా ఉండదు. మూడవది మాత్రము వేల రూపాయల బేరము. దాని వెలను పాలసీవారు సామాన్యముగా భరింపరు.

ఇచ్చటనే చిక్కున్నది. రోగమును నిర్ణయించువాడును, మందు అమ్మువాడును ఇచ్చట ఒక్కడే. మెకానిక్కులందరు మోసగాండ్రని మా అభిప్రాయము కాదు. ఎండనక వాననక వచ్చి ఆదుకొనువారు వారు. కాని క్రొత్త బ్యాటరీ అమ్మినప్పుడే లాభము మిగులు ఏర్పాటులో, "చార్జి చేసిన చాలునమ్మా" అని చెప్పుటకు మనిషి మిక్కిలి నిజాయితీపరుడు కావలెను. పింఛనుపై బ్రతుకు వృద్ధునికి గాని, నెలాఖరున ఉన్న గుమాస్తాకు గాని, అనవసరముగా కొనిన బ్యాటరీ చిన్న నష్టము కాదు.

కావున మనము నమ్మవలసినది మాటను కాదు, మీటరును. మూడు అంకెలు తెలిసిన చాలును. పూర్తిగా నిండి, కొంతకాలము కదలకున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. 12.2 చూపినచో ఇంచుమించు సగము నిలువ ఉన్నట్లు. 12కు దిగినచో దాదాపు ఖాళీ అయినట్లు. ఇది మొదటి అంకె. స్టార్టరు త్రిప్పునప్పుడు వోల్టులు తగ్గుట సహజము. కాని నిండుగా చార్జి అయిన బ్యాటరీ సైతము ఆ క్షణమున 9.6కు క్రిందుగా పడిపోయినచో అది ముసలిదైనదని అర్థము. ఇది రెండవది. ఇంజను నడుచుచుండగా సాధారణముగా 13.7 మొదలు 14.5 వరకు కనిపించవలెను. కనిపింపనిచో దోషము బ్యాటరీది కాదు, దానిని నింపవలసిన ఆల్టర్నేటరుది కావచ్చును. అప్పుడు క్రొత్త బ్యాటరీ బిగించినను అదియు ఒకటి రెండు దినములలో ఖాళీ అగును. ఇది మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. వీనికి ముందుగా టెర్మినళ్లపై తెల్లగా పచ్చగా పేరుకొనిన చిలుమును చూడవలెను. దానిని తుడిచి, వదులైన బిగింపును సరిచేసినంతనే లేచి పరుగిడిన కార్లు ఎన్నియో కలవు.

మెకానిక్కు రాగానే, "బాబూ, ముందు మీటరు పెట్టి చూపించు, తరువాత మాట్లాడుకొందము" అని ఇల్లాలు సైతము నిస్సంకోచముగా అడుగవచ్చును. పనితెలిసినవాడు సంతోషముగా చూపును. చూపుటకు సందేహించువాని యొద్ద కొనకుండుటయే మేలు.

పరీక్షలో బ్యాటరీ నిజముగా ముసలిదని తేలినదనుకొందము. అప్పుడైనను వాకిటనే కొనవలెనా? కారు ఇంటి సెల్లారులోనే ఉన్నచో తొందర లేదు. జంప్ స్టార్టుతో మేల్కొలిపి, పగటివేళ కొత్తపేటలోనో ఎల్బీనగరులోనో రెండు దుకాణములలో ధర విచారించి కొనవచ్చును. వాకిట చెప్పిన ధరకును దుకాణపు ధరకును గల తేడా కొద్దిపాటిదైనచో, ఆ కొద్దిపాటి సొమ్ము మన సమయమునకు కూలి అనుకొని అక్కడనే కొనుటలో తప్పు లేదు. కాని రాత్రివేళ చిన్నపిల్లలతో రహదారి అంచున నిలిచినప్పుడు, రోగిని ఆస్పత్రికి చేర్చవలసినప్పుడు, స్త్రీ ఒంటరిగా వంతెనపై చిక్కుకొనినప్పుడు ధర విచారించుట తగదు. అట్టివేళ ఆ సేవకు వెల కట్టలేము. జాతీయ రహదారిపై ఆపదలో నున్నవారు 1033 నంబరునకు ఫోను చేయవచ్చునని కూడ గుర్తుంచుకొనవలెను.

కొనునప్పుడు గమనింపవలసినవి కొన్ని కలవు. పాతదాని పరిమాణము, సామర్థ్యము, టెర్మినళ్ల దిశ క్రొత్తదానికి సరిపోవలెను. సిగ్నలు వద్ద ఇంజను తనంతట తానే ఆగి మరల కదలు కార్లకు వేరు జాతి బ్యాటరీ ఉండును. వానికి చౌకగా మామూలుది బిగించినచో త్వరలోనే చెడును. బ్యాటరీపై ముద్రించిన తయారీ నెలను చూడవలెను. ఆరు మాసములకు పైగా దుకాణమున పడియున్న దానిని తీసికొనవలదు. మన పేర బిల్లును, కారు నంబరు వ్రాసిన వారంటీ కార్డును అక్కడనే పుచ్చుకొనవలెను. వారంటీ ఎన్ని నెలలనుట చాలదు. అందులో ఉచితముగా మార్చి ఇచ్చు కాలమెంత, వాడినమేరకు సొమ్ము తగ్గించు కాలమెంత అని విడదీసి అడుగవలెను.

పాత బ్యాటరీని ఉచితముగా వదలవలదు. అందలి సీసమునకు విలువ కలదు, బిల్లులో దానిని తగ్గింపవలెను. అట్లని రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చునని గల్లీలో వచ్చు పాతసామానువానికి అమ్మవలదు. ఆరుబయట సీసము కరగించు చోట్ల ఆ పొగ, ఆ ధూళి పసిపిల్లల మెదడునకు హాని చేయును. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ననుసరించి, అవి సక్రమముగా శుద్ధిచేయు కర్మాగారములకే చేరవలెను. దుకాణదారునికి తిరిగి ఇచ్చుట అందుకు సులభమైన మార్గము.

మా అభిప్రాయమును సంగ్రహముగా చెప్పవలెనన్నచో, దారి సహాయమును పిలుచుట తగును, పరీక్ష చేయించుట తగును. ఆపదవేళ తప్ప, పరీక్ష లేకుండ బ్యాటరీ కొనుట మాత్రము తగదు. సెల్లారులో కారు నుంచువారు వారమున కొకసారి దానిని రింగురోడ్డుపై అరగంటసేపు నడపినచో, ఈ పిలుపు అవసరమే చాలవరకు తప్పును. నెలకు పైగా ఊరికి పోవువారు చిన్న చార్జరును కొని ఉంచుకొనుట, లేదా పోవునప్పుడు ఋణ టెర్మినలు తీగెను విప్పించి పోవుట మంచిది. ఈ ఆదివారము ఒకసారి బానెట్టు ఎత్తి బ్యాటరీపై ముద్రించిన నెలను, సంవత్సరమును చూడుడు. మూడేండ్లు నిండినచో, అది ఏ నడిరోడ్డుననో మొరాయింపక ముందే దగ్గరి దుకాణమున పరీక్ష చేయించుడు.