మన ఇల్లు ఏ సినిమాలో ఉంది?

(శ్రీసిటీలోనూ చుట్టుపక్కల గ్రామాలలోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న సినీప్రియుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సమావేశానికి పెట్టుకున్న నియమం ఒక్కటే. ప్రతి ఒక్కరూ తమకు బాగా నచ్చిన ఒక సినిమా పేరు చెప్పాలి, ఎటువంటి సినిమాలంటే ఇష్టమో చెప్పాలి. వినడానికి ఇంతకంటే తేలికైన ప్రశ్న ఉండదు. అయితే మన పిల్లలకు ఇది అంత తేలికైనది కాదని నా అభిప్రాయం. ఇంట్లో దాదీ ముందు ఒక జవాబు, ఫ్యాక్టరీ బస్సులో మరొక జవాబు, హాస్టల్ గదిలో దీపం ఆర్పిన తరువాత ఇంకొక జవాబు ఉంటుంది. ముస్లింలను దుష్టులుగా చూపిన ఒక చిత్రాన్ని భోజన విరామంలో తోటివారు మెచ్చుకుంటూ, "నువ్వు చూశావా, ఎలా ఉంది?" అని అడిగినప్పుడు, అడిగినవారి మనసులో ఏ దురుద్దేశమూ లేకపోవచ్చు. అయినా మన అమ్మాయి జవాబు చెప్పక టిఫిన్ డబ్బా మూత పెట్టేస్తుంది. ఆ మౌనం గురించే ఈరోజు మాట్లాడదలచాను.

సినిమా చూడటమే తగదని భావించే పెద్దలు మనలో ఉన్నారు. వారిని నేను గౌరవిస్తాను. ఆ చర్చ ఉలమాలకు విడిచిపెడతాను. నా మాట అంతా ఇప్పటికే చూస్తున్నవారితోనే. చేతిలో ఫోను ఉన్న ఇంట్లో సినిమా రాకుండా ఉండటం లేదు. వచ్చిన దానిని ఎలా చూడాలన్నదే మిగిలిన ప్రశ్న.

మనం ఉంటున్న చోటు సినిమాకు దూరమైనది కాదు. తడ దాటితే తమిళనాడు. అక్కడి నుండి గంటన్నర ప్రయాణం చేస్తే చెన్నై. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోవడానికి ముందు దశాబ్దాల పాటు తయారైనది ఆ నగరంలోనే. ఇటువైపు సూళ్లూరుపేటలో నూరడుగులకు పైబడిన వెడల్పు గల తెర 2019లో 'సాహో'తో ప్రారంభమైంది. జీతం వచ్చిన వారం అక్కడ మన శ్రీసిటీ ముఖాలు ఎన్ని కనబడతాయో మీకే తెలుసు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు, పాటల్లో తమిళం, పాత సినిమాల్లో హిందీ. ఇన్ని భాషల్లో సినిమా చూడగల ప్రేక్షకులు ఎంతమంది ఉంటారు? ఇది మనకు కలిసివచ్చిన సంపద. దీనిని మనం ఎన్నడూ లెక్కపెట్టుకోలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. తెరమీద ముస్లిం ఎలా కనిపిస్తాడన్నది దర్శకుని మనసు మీద మాత్రమే ఆధారపడి ఉండదు. అది సినిమా తరహాను బట్టి, ఈ రోజుల్లో అందరూ అంటున్న మాటలో చెప్పాలంటే జానర్‌ను బట్టి, చాలావరకు ముందే నిర్ణయమైపోతుంది.

మన పెద్దలు మురిసిపోయే తరహా ఒకటుంది. హిందీలో దానికి 'ముస్లిం సోషల్' అని పేరు. 1960లో 'చౌద్‌వీఁ కా చాంద్', 1963లో 'మేరే మెహబూబ్', 1972లో కమాల్ అమ్రోహీ 'పాకీజా'. షేర్వానీలు, చిలమనులు, ముషాయిరాలు, లక్నో మర్యాదలు. వాటి అందాన్ని కాదనే అరసికుణ్ణి కాను. అయితే చిత్తూరు, పీలేరు, మదనపల్లె, వాయల్పాడులలో మన తాతలు నవాబులా? పరుపులు కుట్టినవారు, గాజులమ్మినవారు, లారీలకు గ్రీజు పూసినవారు, మామిడి మండీలలో బస్తాలు మోసినవారు. ఆ సినిమాలలో మన భాష కొంత ఉంది, మన పాట ఉంది. మన ఇల్లు మాత్రం లేదు.

తెలుగులోనూ ఇదే దారి. 1949లో భానుమతి, అక్కినేని నటించిన 'లైలా మజ్ను', 1955లో 'అనార్కలి', 1978లో ఎన్.టి.రామారావు తీసిన 'అక్బర్ సలీం అనార్కలి'. ఈ చివరి చిత్రంలో మహమ్మద్ రఫీ తెలుగులో పాడాడు. అంతకు ముందే 1969లో 'భలే తమ్ముడు'లో రామారావుకు గొంతు ఇచ్చాడు. రఫీ తెలుగు ఉచ్చారణ గురించి నవ్వుకునేవారున్నారు గాని, ఆ నవ్వులో ప్రేమే ఎక్కువ. అరేబియా ఎడారిలోనూ మొగలు కోటలోనూ ముస్లింలను ఇంత ఇష్టంగా చూసిన తెలుగు సినిమా, పక్క వీధిలోని ముస్లింను చూపవలసి వచ్చేసరికి తడబడింది. అతనికొక వింత తెలుగు అంటగట్టింది. 'నాకీ, నీకీ' అంటూ విభక్తులన్నీ విరిచి మాట్లాడే ఆ భాష ఏ ఊరిలో పుట్టిందో ఎవరైనా చెప్పగలరా? మన దూదేకుల ఇళ్లలో తరతరాలుగా మాట్లాడేది అచ్చమైన సీమ తెలుగు. దక్కనీ మాట్లాడే ఇళ్ల పిల్లలు బడిలో తెలుగు పద్యాలు అప్పజెప్పినవారే. ఇంకొక సంగతి: సినిమాలో ముస్లిం ఇంట పొయ్యి మీద బిర్యానీ తప్ప మరొకటి ఉడకదు. మన ఇళ్లలో వారానికి ఎన్నిసార్లు సంకటి, ఎన్నిసార్లు పప్పుచారు వండుతామో రచయితలకు ఎవరూ చెప్పినట్టు లేదు.

తరువాత దేశభక్తి, పోలీసు తరహా చిత్రాలు వచ్చాయి. ఇందులో ముస్లింకు రెండే కుర్చీలు ఉంటాయి: ఒకటి ద్రోహిది, రెండవది ఆ ద్రోహిని పట్టి ఇచ్చే మంచివాడిది. 2002లో కృష్ణవంశీ తీసిన 'ఖడ్గం'లో ప్రకాష్‌రాజ్ ధరించిన అంజాద్ పాత్రను మనవాళ్లు ఎందరో ఇష్టపడ్డారు. ఆటో నడుపుకునే నిజాయితీపరుడు. నటన గొప్పది, అందులో సందేహం లేదు. కాని ఆ రెండు కుర్చీలలో ఒకటి అతనిది, మరొకటి అతని సొంత తమ్ముడిది. పక్కింటి కుర్రవాడు ప్రేమించవచ్చు, పరీక్ష తప్పవచ్చు, అప్పు చేయవచ్చు. అంజాద్ మాత్రం సినిమా అంతా రుజువు చేసుకుంటూనే ఉండాలి. 2010లో క్రిష్ తీసిన 'వేదం' దీనికంటే ఒక అడుగు ముందున్నదని నా అంచనా. మనోజ్ బాజ్‌పేయి ధరించిన రహీముద్దీన్ ఖురేషీ ఊరు విడిచి షార్జా వెళ్లిపోదామనుకుంటాడు, అనుమానం మీద పోలీసుల చేతికి చిక్కుతాడు. అనుమానం అనేదే ఇక్కడ కథావస్తువు. అయినప్పటికీ చివర ఆసుపత్రి మీద దాడి జరిగినప్పుడు అతడు ప్రాణాలకు తెగించిన తరువాతనే అతని మంచితనం చూసేవారికి రుజువవుతుంది.

అందుచేత, తోటివారు అడిగినప్పుడు నొచ్చుకుని మూగబోవడం కంటే ఒక మాట అనవచ్చు: "ఈ తరహా సినిమాలో మాకు ఇచ్చే పాత్రలు రెండే. మరొక తరహా సినిమా చూపిస్తాను, చూస్తావా?" వాదనకు దిగితే గెలిచినా స్నేహం పోవచ్చు. కలిసి సినిమా చూస్తే చూసిన తరువాత మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది.

ఏ సినిమా చూపాలి? నా మొదటి ఎంపిక శ్యామ్ బెనెగల్ 'వెల్‌డన్ అబ్బా'. 2010లో విడుదలైంది. బెనెగల్ మన హైదరాబాదు తిరుమలగిరిలో పుట్టినవాడు, 2024 డిసెంబరులో మరణించాడు. ఈ చిత్రానికి ఆధారమైన కథలలో ఒకటి హైదరాబాదు ఉర్దూ రచయిత్రి జీలానీ బానో రాసిన 'నర్సయ్యా కీ బావడీ'. ముంబయిలో కారు డ్రైవరుగా పనిచేసే అర్మాన్ అలీ, కూతురు ముస్కాన్ పెళ్లి కుదుర్చుదామని నెలరోజుల సెలవు మీద తెలుగునాట ఉన్న తన పల్లెకు వస్తాడు. పేదలకు ప్రభుత్వం ఉచితంగా బావి తవ్విస్తుందని తెలిసి దరఖాస్తు పెడతాడు. మంజూరైన డబ్బు ఒక్కొక్క బల్ల దాటేసరికి కరిగిపోతుంది. చివరకు చేతిలో డబ్బు లేదు, పొలంలో గుంట లేదు. కాగితాల మీద మాత్రం నీళ్లతో నిండిన బావి ఉంది. అప్పుడు కూతురు ఒక ఉపాయం చెబుతుంది. రికార్డులో ఉన్న బావి భూమ్మీద లేదంటే దొంగతనం జరిగినట్టే కదా! తండ్రీకూతుళ్లు పోలీసు ఠాణాకు వెళ్లి, తమ బావిని ఎవరో ఎత్తుకుపోయారని ఫిర్యాదు చేస్తారు. ఊరిలో అదే గతి పట్టినవారందరూ వారితో కలుస్తారు. సమాచార హక్కు చట్టం ఆయుధమవుతుంది.

ఈ సినిమాను నేను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. అర్మాన్ అలీ నమాజీ. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు. ఆ గుర్తింపును కథ దాచిపెట్టదు, దాని మీద విచారణా జరపదు. అతని సమస్య నీళ్లు. అతని శత్రువు లంచం. అతని పక్కన నిలిచినవారిలో అన్ని కులాలవారూ మతాలవారూ ఉన్నారు. హాస్యచిత్రం కావడం వల్లనే ఇది వీలైంది. హాస్యంలో మనిషి తప్పు చేయవచ్చు. బోమన్ ఇరానీయే ధరించిన మరొక పాత్ర, అర్మాన్ అన్నదమ్ముడైన రహ్మాన్ అలీ, పచ్చి మోసగాడు. అతనిని చూసి ఎవరూ మొత్తం జాతిని తప్పు పట్టరు. మన మీద నవ్వు రావడం అవమానం కాదు. దక్కనీ హాస్యం మీద మక్కువ ఉన్నవారు 2005 నాటి 'ది అంగ్రేజ్'లో చార్మినారు దగ్గర కబుర్లాడే ఇస్మాయిల్ భాయిని ఇప్పటికే కంఠస్థం చేసి ఉంటారు, వారికి నేను చెప్పవలసింది లేదు.

కన్నీళ్లు కావాలన్నవారికి రెండు చిత్రాలు. 1974లో విడుదలైన ఎం.ఎస్.సత్యు 'గరమ్ హవా': దేశవిభజన తరువాత ఆగ్రాలో చెప్పుల వ్యాపారం చేసే సలీం మీర్జా కుటుంబం ఒక్కొక్కరుగా సరిహద్దు దాటిపోతుంది. చివరికి ఆయన కూడా జట్కా ఎక్కి స్టేషనుకు బయలుదేరుతాడు. దారిలో ఉద్యోగాల కోసం సాగుతున్న ఊరేగింపు ఎదురవుతుంది. ముందు కొడుకు, తరువాత తండ్రి బండి దిగి అందులో కలిసిపోతారు. రెండవది సాగర్ సర్హదీ 1982లో తీసిన 'బాజార్', హైదరాబాదులో పేదపిల్లలను గల్ఫ్ ధనికులకు పెళ్లి పేరిట అమ్మిన కథ. ఇది మనకు చేదు. బయటివారు మనల్ని కించపరచారని కొట్టివేయడానికి వీలులేని చేదు. అక్కచెల్లెళ్లు ఈ చిత్రాన్ని ముందు చూడాలి, మగవారు తప్పనిసరిగా చూడాలి.

తెలుగులో ఇటీవలి వాటిలో 2018 నాటి 'కేరాఫ్ కంచరపాలెం'లోని సలీమా కథ ఉంది. బురఖాలో కళ్లు మాత్రమే కనిపించే ఆమెను మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం ఇష్టపడతాడు. ఆమె వృత్తి విషయం మనలో కొందరికి బాధ కలిగించింది, ఆ బాధలో న్యాయం ఉంది. అయినా ఆ పాత్రను దర్శకుడు మహా కించపరచలేదని నా తీర్పు. మీరు విభేదిస్తే తప్పక చెప్పండి. అదే సంవత్సరం మలయాళంలో వచ్చిన 'సుడానీ ఫ్రమ్ నైజీరియా' చూడండి. మలప్పురంలో ఫుట్‌బాల్ జట్టు నడిపే మజీద్, గాయపడిన నైజీరియా ఆటగాడిని ఇంటికి తెస్తాడు. భాష రాని ఆ అతిథికి మజీద్ తల్లి, పొరుగున ఉన్న వృద్ధురాలు చేసే సేవ చూస్తే, అదిగో మన అమ్మీ, అదిగో మన ఖాలా అనిపిస్తుంది. పిల్లలు ఉన్న ఇళ్లకు మజీద్ మజీదీ ఇరానీ చిత్రం 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' చాలు. ఒకే జత బూట్లను అన్నాచెల్లెళ్లు పంచుకుని బడికి పరుగెత్తే కథకు ఉపశీర్షికలు చదవనక్కరలేదు.

షిఫ్టులలో పనిచేసే మిత్రులకు ప్రత్యేకించి ఒకటి చెబుతాను: ఫైజా అహ్మద్ ఖాన్ తీసిన 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' అనే డాక్యుమెంటరీ. మహారాష్ట్రలోని మాలేగావ్‌లో మరమగ్గాల మీద పనిచేసేవారు, చిన్న వ్యాపారాలు చేసుకునేవారు కలిసి, తమ ఊరి యాసలో తమ సొంత సూపర్‌మాన్ సినిమా తీసిన వైనం అందులో ఉంది. మన చేతుల మీదుగా ఫోన్లు తయారై దేశమంతా వెళుతున్నాయి. ఆ ఫోనుతోనే అయిదు నిమిషాల చిత్రం తీయవచ్చు. శ్రీసిటీ బస్సు కోసం తెల్లవారుజామున నిలబడే అమ్మాయి కథను మన కంటే బాగా ఎవరు తీస్తారు?

నా ప్రతిపాదన చిన్నది. నెలకు ఒక ఆదివారం, రెండు షిఫ్టులవారికీ కుదిరే వేళ చూసుకుని కలుద్దాం. చట్టబద్ధంగా దొరికే ప్రతినే చూద్దాం. అమ్మాయిలు హాస్టల్ తలుపు మూసే వేళకు ముందే తిరిగి చేరేలా ముగిద్దాం. ప్రతి ముస్లిం సభ్యుడు మరొక మతానికి చెందిన ఒక స్నేహితుణ్ణి వెంట తీసుకురావాలి. వారు తమకు నచ్చిన చిత్రం తెస్తే మనం పూర్తిగా కూర్చుని చూడాలి. మొదటి నెల 'వెల్‌డన్ అబ్బా'. రెండవ నెలకు ఏది వేయాలో ఇప్పుడు నిర్ణయిద్దాం. వెనుక వరుసలో కూర్చున్న అక్కచెల్లెళ్లు ఇంతవరకు ఒక్క పేరూ చెప్పలేదు. మైకు ముందుగా అటు ఇవ్వండి.