చెప్పుకోవడమే తొలి చికిత్స

(విజయవాడ ఆటోనగర్‌లో వయోవృద్ధుల సత్సంగ సభలో ఒక మూత్రవ్యాధుల వైద్యులు చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం ఆలయ ప్రాంగణంలో మాట్లాడవచ్చునా అని ముందుగా ధర్మకర్తలను అడిగాను. “ఇక్కడ కాకపోతే మావాళ్లు ఇంకెక్కడ వింటారండీ?” అన్నారు వారు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

ఈ ఆటోనగర్‌లోనే లారీ బాడీలు కట్టి జీవితం గడిపిన ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్బై దాటిన వయసులో ప్రోస్టేట్ గ్రంథికి క్యాన్సర్ వచ్చింది. శస్త్రచికిత్సతో వ్యాధి నయమైంది. ఇంటిల్లిపాదీ మొక్కులు తీర్చుకున్నారు. అయితే ఏనాడూ శనివారం భజన మానని ఆ మనిషి గుడికి రావడమే మానేశారు. భోజనం తగ్గింది. మనవలతో మాట తగ్గింది. “జబ్బు పోయిందండీ, దానితోపాటు ఆయన నవ్వూ పోయింది” అని వారి ఇల్లాలు నా దగ్గర కన్నీరు పెట్టుకున్నారు.

కారణం తెలియడానికి మూడు పర్యాయాలు మాట్లాడవలసి వచ్చింది. దగ్గినా, కూర్చుని లేచినా మూత్రం చుక్కలుగా జారిపోతున్నది. సన్నిధిలో పంచె తడిస్తే అపచారమనే భయంతో ఇంట్లోనే ఉండిపోయారు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

ఇది ఆయన ఒక్కరి కథ కాదు. ప్రోస్టేట్ శస్త్రచికిత్స తరువాత మూత్రాన్ని పట్టి ఉంచే కండరం బలహీనపడవచ్చు. చాలామందిలో కొన్ని నెలలలో ఇది మెరుగవుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న తల్లులకు మూత్రాశయం లోపలి పొర దెబ్బతిని, మాటిమాటికీ ఆపుకోలేనంత తొందర కలుగవచ్చు. ఇది చికిత్స ముగిసిన కొన్ని సంవత్సరాలకు కూడా కనిపించవచ్చు. ఇది పూర్వజన్మ పాపం కాదు, వయసుతో సరిపెట్టుకోవలసినదీ కాదు. చికిత్స మిగిల్చిన గాయం మాత్రమే.

ఆ గాయం మనసును ఎలా తాకుతుందో చూడండి. రాత్రి నాలుగైదు సార్లు లేవడం వలన నిద్ర చెడుతుంది. నిద్ర లేక నీరసం, నీరసం వలన విసుగు. తడుస్తామన్న భయంతో పెళ్లిళ్లు, ప్రయాణాలు మానుకుంటారు. మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రిపై క్యూలో గంటల తరబడి నిలబడగలమా అని అమ్మవారి దర్శనాన్నే వదులుకుంటారు. ఒంటరితనం దిగులుగా మారుతుంది. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులు ఉన్నా, ఇష్టమైన పనిపై ఆసక్తి పోయినా, దానిని వైరాగ్యమని పొరబడవద్దు. అది కుంగుబాటు అనే వ్యాధి కావచ్చు. దానికి చికిత్స ఉన్నది.

భగవద్గీత మొదటి అధ్యాయం పేరు అర్జున విషాదయోగం. చేతిలో గాండీవం జారిపోతున్నదని, ఒళ్లు వణుకుతున్నదని అర్జునుడు దాచుకోలేదు. తన సఖుని ముందు అంతా చెప్పుకున్నాడు. శ్రీకృష్ణుడు ముందుగా అదంతా విన్నాడు. ఉపదేశం ఆ తరువాతే. చెప్పుకోగలిగిన విషాదం కనుకనే అది యోగమైనదని నా అల్పబుద్ధికి తోస్తుంది.

ఇక చేయవలసినవి. మూత్రం జారుతున్నదని నీళ్లు మానకండి. మన ఎండలకు అది ప్రమాదం, పైగా చిక్కబడిన మూత్రం మంటను పెంచుతుంది. నిద్రకు రెండు మూడు గంటల ముందు మాత్రం తగ్గించండి. కాఫీ, టీలు తగ్గించండి. మలబద్ధకం లేకుండా చూసుకోండి. అపానవాయువును ఆపుకునేటట్లు కటి కండరాలను అయిదు సెకన్లు బిగించి, అంతే సమయం వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయండి. ఫలితానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా వైద్యుని కలవండి. దిగులుకు వాడే కొన్ని మందులు మూత్రాన్ని బిగబట్టిస్తాయి, మూత్రాశయానికి వాడే కొన్ని మందులు వృద్ధులకు మతిమరుపు తెస్తాయి. కనుక మందుల చీటీలన్నీ ప్రతి వైద్యునికీ చూపించండి. మనసు బరువెక్కినప్పుడు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

పిల్లలకు ఒక మాట. “నాన్నగారూ, క్యాన్సర్ తగ్గిందిగా, ఇంకేమిటి?” అనకండి. “రాత్రి ఎన్నిసార్లు లేచారు? నిద్ర పట్టిందా?” అని అడగండి.

దాతలకు ఒక విన్నపం. గోపురానికి, అన్నదానానికి ఉదారంగా ఇస్తున్నారు. అలాగే మండపానికి దగ్గరగా, మెట్లు లేకుండా, పట్టుకునేందుకు కడ్డీ ఉన్న శుభ్రమైన మరుగుదొడ్డి ఒకటి, ద్వారం పక్కన నాలుగు కుర్చీలు ఏర్పాటు చేయించండి. దానివల్ల ఎందరో వృద్ధులు తిరిగి స్వామి ఎదుట కూర్చోగలుగుతారు. అదీ కైంకర్యమే. వ్యాధిగ్రస్తులకు శౌచ నియమాలలో సడలింపు ఉన్నదని మన పెద్దలు ఏనాడో చెప్పారు కదా!

ఆ పెద్దాయన పూర్తిగా కోలుకున్నారని చెప్పను. ఇప్పటికీ బట్ట లోపల ప్యాడ్ పెట్టుకుంటారు, సంచిలో మరో పంచె ఉంటుంది. కానీ శనివారం భజనకు వస్తున్నారు. ద్వారం పక్కన కూర్చుని తాళం వేస్తున్నారు. అవసరమైతే లేచి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుంటున్నారు. పక్కవారు ఎందుకని అడగరు, కొంచెం జరిగి చోటిస్తారు.

మీ అందరికీ భగవదనుగ్రహం కలుగుగాక. స్వస్తి.